పందిరిపల్లి డిపోలో సడలింపు పథకం

మనిషన్నాక ఒళ్ళుంటుంది, ఒంట్లో రక్తం ఉంటుంది, ఆ రక్తానికి కాస్తో కూస్తో పోటు ఉంటుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. అయితే ఆ పోటు ఎవరి సొత్తు అన్న సంగతి పందిరిపల్లి బస్సు డిపోలో ఏనాడూ ఎవరూ ఆలోచించలేదు. ఆషాఢమాసం రెండో సోమవారం హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు వచ్చి ఆ లోటు తీర్చేసింది.

"ఉద్యోగి యొక్క రక్తపోటు సంస్థ యొక్క ఆస్తి" అని మొదలైంది సర్క్యులరు. "ప్రతి ఉదయము డ్యూటీకి ముందు డ్రైవర్లను కుర్చీలో కూర్చుండబెట్టి రక్తపోటు చూడవలెను. పై అంకె నూట ముప్పై దాటిన వారికి స్టీరింగు ఇవ్వరాదు. ఫలితములను బట్టి డిపోలకు ర్యాంకులు ఇవ్వబడును."

మర్నాటి నుంచే మొదలెట్టారు. డిపో మేనేజరు తటవర్తి చిదానందం గారు తన పాత చేతుల కుర్చీని గేటు పక్కన వేయించారు. సిక్‌రూము నర్సు ఎస్తేరు బీపీ మిషను పట్టుకుని కూర్చుంది. నలభై రెండు మంది డ్రైవర్లు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కడూ కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడవగానే, మేనేజరు గారు వాడి నెత్తిమీదికి వంగి కేకలు మొదలెట్టేవారు.

"మామూలుగా ఉండవయ్యా! నీ మూలాన డిపో పరువు పోతోంది. మామూలుగా ఉండలేవూ?"

నలభై రెండు మందిలో ముప్పై ముగ్గురు తప్పారు.

"అయ్యా, తవరు కాసేపు అవతలికెళ్తే ఇంకో పదిమందన్నా పాసవుతారండి" అంది ఎస్తేరు.

"పర్యవేక్షణ లేకుండా రక్తపోటు చూచుట నిబంధనలకు విరుద్ధము, సిస్టర్" అన్నారు చిదానందం గారు.

ముప్పై మూడు బస్సులు యార్డులోనే ఉండిపోయాయి. పంతొమ్మిది డిపోల్లో పందిరిపల్లికి పంతొమ్మిదో ర్యాంకు వచ్చింది. వీడియో మీటింగులో ప్రాంతీయ మేనేజరు గారు, "చిదానందం గారూ, మీ డిపో రక్తం ఉడికిపోతోందండీ!" అని అందరిముందూ అనేశారు. మిగతా పద్దెనిమిది డిపోల మేనేజర్లూ పళ్ళికిలించారు. చిదానందం గారికి ఆ పూట అన్నం సయించలేదు.

తప్పిన ముప్పై ముగ్గురిలో కొప్పిశెట్టి నూకరాజు ఒకడు. ఏడు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషి. గుమ్మలగొంది దాకా ఘాటు రోడ్డు సర్వీసు అతనిది. కొండమీద ఇరవై ఆరు మలుపులు, ఒకపక్క రాయి, ఒకపక్క లోయ. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మలుపుల మీద ఒక్క మేకపిల్లని కూడా తొక్కలేదు. ఒక్క ప్రమాదం లేకుండా దిగిపోయే డ్రైవరుకి సంస్థ బంగారు పతకం ఇస్తుంది. అది తగిలించడానికి అతని భార్య మంగతాయారు పోయినేడే వసారా గోడకి మేకు కొట్టించింది. రోజూ ఆ మేకుని చూసుకుని డ్యూటీకి వెళ్ళడం అతనికి అలవాటు.

"నూట యాభై రెండంట" అని ఇంటికొచ్చి చెప్పాడు నూకరాజు. "బస్సియ్యనన్నారు."

"అన్నేళ్ళు నడిపింది ఆ అంకెతోనే గదా" అంది మంగతాయారు. "అప్పుడు లేని రోగం ఇప్పుడెక్కడినించొచ్చింది?"

"అప్పుడు మిషను లేదు గదే" అన్నాడు నూకరాజు.

బస్సు లేని డ్రైవరుని యార్డులో బల్లమీద కూర్చోబెట్టారు. ముప్పై ఒక్క ఏళ్ళు గేర్లు మార్చిన నడుం, నాలుగురోజులు బల్లమీద ఊరికే కూర్చునేసరికి పట్టేసింది. నూకరాజు పట్నంలో ఎముకల డాక్టరు దగ్గరకి వెళ్ళాడు.

"కండరాలు బిగుసుకుపోయాయి. ఈ మాత్ర వాటిని వదులు చేస్తుంది" అన్నాడు డాక్టరు. "అయితే బీపీ పడిపోవచ్చు, కళ్ళు తిరగొచ్చు, మత్తుగా ఉంటుంది. ఇది వాడినన్నాళ్ళూ బస్సు మాత్రం నడపకండి."

"నాకు బస్సెవడిత్తన్నాడండీ" అని నిట్టూర్చి, మాత్ర వేసుకుని పడుకున్నాడు నూకరాజు.

మర్నాడు కుర్చీలో కూర్చోగానే ఎస్తేరు అంకె చూసి, మిషను పాడైందేమోనని తన చేతికి కట్టి చూసుకుని, మళ్ళీ అతనికి కట్టింది. నూట పన్నెండు.

చిదానందం గారు నూకరాజు రెండు చేతులూ పట్టేసుకున్నారు. "ఏం తిన్నావయ్యా రాత్రి?"

"ఏం తింటానండి, చద్దన్నవేనండి."

"ఉల్లిపాయతోనా?"

"ఆయ్."

చిదానందం గారు వెంటనే 'ఉల్లిపాయ' అని చిన్న పుస్తకంలో రాసుకున్నారు. నూకరాజు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. "నడుంనొప్పికి బిళ్ళోటి ఏసుకున్నానండి" అని జేబులోంచి అట్ట తీసి చూపించాడు. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే. పాపం, ఆ గోతిలో మరో నలభై ఒక్కమంది పట్టేంత చోటుందని అతనికేం తెలుసు!

రెండ్రోజుల్లో డిపో నోటీసు బోర్డు మీద పథకం వెలిసింది. పేరు 'కండరముల సడలింపు ద్వారా సంస్థాగత ఒత్తిడి నివారణ'. కింద చిదానందం గారి సొంత కవిత్వం: "కండరము సడలిన మనసు సడలును. మనసు సడలిన రక్తము సడలును. రక్తము సడలిన ర్యాంకు పెరుగును." ప్రతి డ్రైవరూ ఇంటినుంచి బయల్దేరేముందు డిపో ఇచ్చిన మాత్ర ఒకటి వేసుకుని రావాలి. వేసుకోనివాడు పథకానికి సహకరించనట్టు లెక్క.

ఎస్తేరు మేనేజరు గారి గదికి పరిగెత్తింది.

"అయ్యా, ఇది నొప్పులకిచ్చే మందండి. బీపీ దించడం దీని పని గాదు, దీనికున్న అవలక్షణం. కూర్చున్నప్పుడు బానే ఉంటాది గానండి, లెగిసి నిలబడితే ఇంకా దిగిపోద్ది. కళ్ళు చీకట్లు కమ్మి పడిపోతారు. డాక్టరు చూడకుండా అందరికీ పంచేత్తే ఎలాగండి?"

చిదానందం గారు కళ్ళజోడు సవరించుకుని సర్క్యులరు ముందుకు తోశారు. "నిలబడిన రక్తపోటుకు ఇందులో గడి ఉన్నదా?"

"లేదండి."

"గడి లేని విషయము ఉన్నట్లు కాదు, సిస్టర్."

వారం తిరిగేసరికి నలభై రెండుకి నలభై రెండు మందీ పాస్. పందిరిపల్లికి ఒకటో ర్యాంకు. నూట పద్దెనిమిది, నూట పది, నూట ఆరు... ఎస్తేరు రిజిస్టరు నిండా ముత్యాల్లాంటి అంకెలు. చిదానందం గారు కూడా పథకంలో చేరి మాత్ర మింగడం మొదలెట్టారు, నాయకుడు ముందుండి నడిపించాలన్నారు.

ఇక బస్సుల సంగతి. బస్సులు కదిలాయి, అది నిజం. ఎంత వేగంతో కదిలాయంటే, బడి పిల్లలు దిగి నడిచి ముందు ఊరికి చేరి, బస్సు వచ్చాక టాటా చెప్పేవారు. ఒక సర్వీసు రైలు గేటు దగ్గర ఆగింది. రైలు వెళ్ళింది, గేటు లేచింది, ఇంకో రైలు వచ్చింది, గేటు పడింది. డ్రైవరు మాత్రం లేవలేదు. ప్రయాణికులు ఫిర్యాదు రాస్తే, "డ్రైవరు ప్రశాంతతకు భంగము కలిగించినందుకు" సంజాయిషీ ఇవ్వాలని వాళ్ళకే జవాబు వెళ్ళింది.

అసలు తంటా కుర్చీ దగ్గర వచ్చింది. కుర్చీలో నూట పది ఉన్నవాడు లేచి బస్సువైపు నాలుగడుగులు వేసేసరికి తూలిపోతున్నాడు. ఒకేరోజు ముగ్గురు యార్డులో బోర్లా పడ్డారు. చిదానందం గారు తీవ్రంగా ఆలోచించారు. రక్తపోటు చూసేది కుర్చీలో, బస్సు నడిపేది సీట్లో. రెండు చోట్లా మనిషి కూర్చునే ఉంటాడు. నడుమనున్న నలభై అడుగుల్లోనే వస్తోంది చిక్కంతా. ఆ నలభై అడుగులూ మనిషి నిలబడకుండా దాటితే సరి.

అలా పార్సెల్ ఆఫీసు తోపుడుబండి రంగంలోకి దిగింది. కుర్చీలోంచి డ్రైవరుని అలాగే ఎత్తి, అరటిగెలలూ కోళ్ళగంపలూ మోసే ఆ బండిమీద కూర్చోబెట్టి, బస్సుదాకా తోసి, హమాలీలు ఇద్దరు సీట్లోకి ఎక్కించేవారు. దాని మీద "పెళుసు వస్తువు - జాగ్రత్త" అన్న అక్షరాలు ఎప్పటివో అలాగే ఉన్నాయి.

నూకరాజు మొదటిరోజు బండెక్కనన్నాడు.

"పెళ్ళిలో పల్లకీ కూడా ఎక్కలేదండి నేను" అన్నాడు.

"ఇది ఆహ్వానము కాదు, ఆదేశము" అన్నారు చిదానందం గారు.

మూడో వారం గురువారంనాడు జరిగింది. గుమ్మలగొంది నుంచి దిగివస్తోంది బస్సు. లోపల నలభై ఏడు మంది. పదిహేడో మలుపు దగ్గర నూకరాజు కళ్ళు మూసుకుపోయాయి. ఎప్పుడు మూసుకున్నాయో అతనికి తెలీదు. కండక్టరు పాలపర్తి కనకరత్నం టిక్కెట్ల మిషను వదిలేసి వచ్చి అతని భుజం పట్టి ఊపేసింది.

"బాబాయ్! లోయ! బాబాయ్, లోయ!"

బ్రేకు పడింది. దిగి చూస్తే ముందు చక్రానికీ లోయకీ మధ్య జానెడు మట్టి ఉంది. దిగాడో లేదో, అతనికి లోకమంతా గిర్రున తిరిగి అక్కడే చతికిలబడ్డాడు. బస్సులో ఒక ముసలమ్మ ఏడుస్తోంది. ఒక తల్లి పసిపిల్లని గుండెకి అదుముకుని దిగి, అతనివంక చూసి, వెళ్ళి రాతిమీద కూర్చుంది. ఆ చూపుకి నూకరాజు సిగ్గుతో చచ్చిపోయాడు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"నా నోటిదూలే ఇదంతా, అమ్మాయ్" అన్నాడు కనకరత్నంతో. "ఆ బిళ్ళ సంగతి నేను చెప్పకపోతే ఎవడికి తెలుసు? డాక్టరు నడపొద్దన్నా నడిపేను. ఇంక చచ్చినా మింగను."

మింగలేదు. మర్నాడూ మింగలేదు, ఆ మర్నాడూ మింగలేదు. మూడోనాడు కుర్చీలో కూర్చుంటే ఎస్తేరు మిషను విప్పి మళ్ళీ కట్టి చూసింది. నూట ఎనభై ఆరు.

"అయ్యో నూకరాజుగారూ, ఇన్నాళ్ళు వాడి ఒక్కసారే మానేసేరా? దిగినదానికి రెట్టింపు పైకి లెగుద్దండి. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించుకుంటా రావాలి. ఇయ్యాలే పట్నం ఎల్లండి."

పట్నం డాక్టరు ముందు తిట్టాడు, తరవాత అసలు బీపీకి అసలు మందు రాసిచ్చాడు. కొన్నాళ్ళు పడుతుందన్నాడు. కొన్నాళ్ళు ఆగే ఓపిక పందిరిపల్లిలో ఎవరికుంది? నూట ఎనభై ఆరుతో డిపో నూటికి నూరు శాతం పోయింది. వచ్చే శనివారం ప్రాంతీయ మేనేజరు గారు వచ్చి ఉత్తమ డిపో షీల్డు ఇవ్వబోతున్నారాయె! చిదానందం గారు నూకరాజుని పిలిపించి మెమో చేతిలో పెట్టారు.

"మీ వ్యక్తిగత రక్తపోటు ద్వారా సంస్థ గౌరవమునకు భంగము కలిగించినారు. శనివారము లోపల దించనియెడల వైద్యపరముగా అనర్హులుగా ప్రకటించి, పతకమునకు పేరు తొలగించబడును."

"అయ్యా, ఆ బిళ్ళేసుకుని నలభై ఏడు మందిని లోయ అంచుదాకా తీసికెళ్ళానండి."

"ప్రమాదము జరిగినదా?"

"లేదండి."

"జరగని ప్రమాదమునకు గడి లేదు. జరిగిన రక్తపోటుకు ఉన్నది" అన్నారు చిదానందం గారు.

ఆ సాయంత్రం నూకరాజు వసారాలో మేకు కేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మాత్ర మింగితే అంకె దిగుతుంది, పతకం దక్కుతుంది. మింగితే పదిహేడో మలుపు మళ్ళీ వస్తుంది. మంగతాయారు మజ్జిగ తెచ్చిచ్చి, "పతకం లేకపోతే మేకుకి సంచీ తగిలిద్దాం లెండి" అంది. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మింగకూడదని గట్టిగా అనుకున్నాడు.

శనివారం వచ్చింది. యార్డులో షామియానా వేశారు. ఇక్కడ చిదానందం గారికి పెద్ద ధర్మసంకటం. పెద్దాఫీసరు వస్తే అందరూ లేచి నిలబడాలి, అది మర్యాద. లేచి నిలబడితే నలభై ఒక్కమందీ పడిపోతారు, అది పథకం. చివరికి పథకమే నెగ్గింది. "విచ్చేయు అధికారులను ఆసీన గౌరవముతో స్వాగతించవలెను" అని నోటీసు వేశారు.

ప్రాంతీయ మేనేజరు గారు కారు దిగి షామియానాలోకి వచ్చారు. ఎవరూ కదల్లేదు. నలభై ఒక్కమంది డ్రైవర్లు కుర్చీల్లో చేరగిలబడి, సగం మూసిన కళ్ళతో ఆయన్ని ప్రశాంతంగా చూశారు. చిదానందం గారు కూడా కూర్చునే నమస్కారం పెట్టారు. ఆఖరి వరసలో నూకరాజు ఒక్కడే లేచి నిలబడ్డాడు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో పెద్దాఫీసరు గారికి ఇలాంటి అవమానం జరగలేదు. మెడ నరాలు ఉబ్బాయి. "ఆ వెనకాల నిలబడ్డ ఆయనొక్కడికే సంస్కారం ఉంది ఈ డిపోలో!" అని అరిచారు.

"అతను అనర్హుడు సార్" అన్నారు చిదానందం గారు.

పథకం ప్రదర్శన మొదలైంది. ఉద్యోగి రక్తపోటు సంస్థ ఆస్తి అని గదా సర్క్యులరు. పెద్దాఫీసరు గారూ ఉద్యోగే. చూస్తే నూట తొంభై ఆరు. నూకరాజుని లెక్కలోంచి తీసేసి నిలబెట్టుకున్న నూటికి నూరు శాతాన్ని షీల్డు ఇవ్వడానికి వచ్చినాయనే చెడగొట్టేలా ఉన్నారు. చిదానందం గారు చటుక్కున మాత్రలు తీసి బాదంపాలతో అందించారు.

"వద్దండి! ఆయన ఏ మందులు వాడుతున్నారో తెలీకుండా ఇయ్యకూడదండి!" అని ఎస్తేరు అడ్డం వచ్చింది.

"సిస్టర్, ఒకటో ర్యాంకు డిపో ఇచ్చే మందు" అన్నారు పెద్దాఫీసరు గారు. "డ్రైవర్లకి ఒకటైతే నా హోదాకి రెండు ఉండొద్దూ?" అని రెండూ మింగేశారు.

తరవాత చిదానందం గారు కూర్చుని గంటన్నర ఉపన్యసించారు. వినేవాళ్ళలో గురక పెట్టనివాడు లేడు. అప్పుడు షీల్డు ప్రదానం. ఇచ్చేవారు ఒక్కసారిగా లేచారు, పుచ్చుకునేవారు ఒక్కసారిగా లేచారు. ఇద్దరూ షీల్డుని చెరోపక్కా పట్టుకుని, నవ్వుతూ, ఒకరిమీద ఒకరు ఒరిగి, వేదిక మీంచి కిందికి దొర్లారు. "అయ్యయ్యో!" అంటూ నలభై ఒక్కమంది డ్రైవర్లూ గబుక్కున లేచారు, ఆ లేవడం లేవడంతోనే వరసలు వరసలుగా కూలబడ్డారు.

షామియానా మొత్తం మీద కాళ్ళమీద ఉన్నవాళ్ళు ముగ్గురు. నూకరాజు, కనకరత్నం, ఎస్తేరు. ఎస్తేరు ఇద్దరు ఆఫీసర్లనీ చదునుగా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టింది. నాడి అందడం లేదని, వెంటనే పట్నం ఆసుపత్రికి పోవాలని అంది. నూకరాజూ కనకరత్నం ఇద్దర్నీ పార్సెల్ బండిమీదికి చేర్చి బస్సుదాకా తోసుకెళ్ళారు.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుకర్ర దించే ఉంచాడు. "బాబాయ్, ఏవనుకోకు. నూట ముప్పై దాటితే బండొదలొద్దని ఆర్డరు."

"మీ డీఎమ్ గోరే లోపలున్నారురా!" అంది కనకరత్నం.

వెనక సీటులోంచి చిదానందం గారి గొంతు సన్నగా వినిపించింది. "రూలు... రూలే..."

ఆ పక్కన పెద్దాఫీసరు గారు ఒక కన్ను తెరిచారు. "గేటు తియ్యరా, దరిద్రుడా!" అన్నారు. ఆ మాట ఏ సర్క్యులర్లోనూ లేకపోయినా అడ్డుకర్ర లేచింది.

నూకరాజు బస్సు నడిపాడు. ఇరవై రెండు కిలోమీటర్లు, ఒక్క కుదుపు లేదు. సాయంత్రానికి ఇద్దరు ఆఫీసర్లూ లేచి కూర్చుని కాఫీ అడిగారు. కూర్చోవడం వరకు బాగానే ఉంది.

పది రోజుల తరవాత హెడ్డాఫీసు నుంచి రెండు కాగితాలొచ్చాయి. మొదటిది అన్ని డిపోలకీ. "విచారణలో తేలినదేమనగా, అన్ని సంఘటనలకును మూలము నిలబడుటయే. ఇకమీదట విధినిర్వహణలో నిలబడుట నిషిద్ధము. ప్రతి డిపోకు పదేసి తోపుడుబండ్లు మంజూరు చేయడమైనది." రెండోది నూకరాజుకి. అతను దాన్ని నోటీసు బోర్డు కింద నిలబడే చదివాడు. "అనర్హమైన రక్తపోటుతో ఉన్నతాధికారులిద్దరి ప్రాణములను ప్రమాదములో పెట్టి బస్సు నడిపినారు. దీనిని మీ సర్వీసులో మొదటి ప్రమాదముగా నమోదు చేసి, పతకము రద్దు చేయడమైనది. సంజాయిషీ ఇవ్వవలెను."

ముప్పై ఒక్క ఏళ్ళ తరవాత మొదటి ప్రమాదం! నూకరాజు కనకరత్నం దగ్గర పెన్ను అడిగి, అక్కడే గోడకి కాగితం ఆనించి రెండు ముక్కలు రాశాడు.

"అయ్యా, ఆ రోజు అందరూ పడిపోతే నేను నిలబడ్డాను. అది తప్పయితే ఒప్పుకుంటున్నాను. ఇట్లు, కొప్పిశెట్టి నూకరాజు, డ్రైవరు."

నాలుగు రోజులకి ఆ కాగితం వెనక్కి వచ్చింది. మూలన ఎర్రసిరాతో, "నిలబడి రాసిన సంజాయిషీ చెల్లదు. కూర్చుండి రాసి పంపవలెను" అని ఉంది. నూకరాజు మళ్ళీ రాయలేదు. మంగతాయారు ఆ కాగితానికి పైన చిన్న బెజ్జం పెట్టి, వసారాలో ఆ మేకుకే తగిలించింది.